గొడుగుకో కారు

జూన్ 4

ఇందుమూలంగా సకల జనులకూ, మరీ ముఖ్యంగా మా అక్కకూ బావకూ ప్రకటించడమేమనగా: మన గొడుగుల కంపెనీ ప్రధాన కార్యాలయంలో, అధికారులు మాత్రమే ఎక్కే లిఫ్టులో, ఈ నెల ఒకటో తేదీన పాత అద్దం తొలగించి కొత్త అద్దం బిగించడమైనది. పాత అద్దంలో డైరెక్టర్లు ఉన్నవాళ్ళు ఉన్నట్టుగానే కనబడుతున్నారని ఫిర్యాదు రాగా, మనిషిని కాస్త సన్నగా చూపించే అద్దం తెప్పించడమైనది. సదరు అద్దం మీద వేలిముద్ర పడినచో సదరు లిఫ్టు మనిషి, అనగా మీ తమ్ముడే, బాధ్యుడు. ఎల్లరూ గమనించి నడుచుకోవలసినది.

అక్కా, నమస్కారం. బావకి కూడా, ఆయన నిద్ర లేచి ఉంటే.

నేను క్షేమం. నువ్వక్కడ ఫ్యాక్టరీలో ఊచలకి గుడ్డ కుట్టి కుట్టి వేళ్ళు పొడుచుకుంటున్నావు. నేనిక్కడ తొమ్మిదో నంబరు నొక్కి నొక్కి వేలు అరగదీసుకుంటున్నాను. ఒకే కంపెనీ కూడు తింటున్నాం కాబట్టి కంపెనీ ఆరోగ్యం గురించి నీకు చెప్పడం నా విధి. కంపెనీకి మాంద్యం వచ్చింది.

మాంద్యం అనే మాట నాకు వైద్యుడి నోట తప్ప తెలియదు. బావకి ఒకసారి అగ్నిమాంద్యం అని చీటీ రాసిచ్చాడు, గుర్తుందా. తిన్నది అరగకపోవడం. ఇప్పుడు దేశమంతా ఆర్థిక మాంద్యం అంటున్నారు. అంటే డబ్బు అరగకపోవడం అయ్యుంటుంది. మా తొమ్మిదో అంతస్తులో ఆ జబ్బు బాగా ముదిరిందని నా అనుమానం. అందరూ పొట్ట పట్టుకునే లిఫ్టు ఎక్కుతున్నారు.

జనం గొడుగులు కొనడం మానేశారట. తడిసి ఇంటికి పోయి తల తుడుచుకుంటున్నారట. ఈ విషయం మీద నిన్న లిఫ్టులో అమ్మకాల డైరెక్టరు చాలా బాధపడ్డాడు. జనానికి జలుబు భయం పోయిందన్నాడు. ఆ తర్వాత ఏమన్నాడో తెలియదు, తొమ్మిది వచ్చేసింది. నా ఉద్యోగంలో ఉన్న చిక్కే అది. ఏ మాటా పూర్తిగా వినను. తలుపు తెరుచుకునేసరికి సగం మాట నా దగ్గర ఉంటుంది, మిగతా సగం వాళ్ళతో వెళ్ళిపోతుంది. ఆ సగాన్ని నేనే అల్లుకోవాలి. అందుకే నన్ను కోతలోడు అంటారు గానీ, తప్పు నాది కాదు, లిఫ్టుది.

ఎక్కించువాడూ దించువాడూ అయిన,
నీ తమ్ముడు


జూన్ 12

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

నీ అద్దం కబురు చదివి మీ బావ నవ్వాడు. నేను నవ్వలేదు. మా బస్సు తీసేశారు.

సోమవారం పొద్దున మలుపు దగ్గర అందరం నిలబడ్డాం. బస్సు రాలేదు. చెడిపోయిందేమో అనుకుని నడిచి వెళ్ళాం. ఫ్యాక్టరీ గోడకి కాగితం అంటించి ఉంది. పొదుపు దృష్ట్యానూ, కార్మికుల ఆరోగ్యం దృష్ట్యానూ బస్సు రద్దు చేశారట. నడక గుండెకి మంచిదని కింద ఒక గుండె బొమ్మ కూడా వేశారు.

నా మోకాలి సంగతి నీకు తెలుసు. మెట్లే ఎక్కలేను, ఊరవతల దాకా రోజూ ఎలా నడుస్తాను. ఆటోకి పెడితే వచ్చే కూలిలో సగం దానికే సరి. నేను మేనేజరు గది దగ్గరికి వెళ్ళాను.

"ఏమండీ, బస్సు ఏమైంది" అన్నాను.

"కోతలమ్మా. పైనుంచి కోతలు" అన్నాడు.

"మా తమ్ముడూ పైనుంచే కోస్తుంటాడండీ, బస్సులు మాత్రం పోలేదు ఎప్పుడూ" అన్నాను. అతనికి అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే మంచిదయింది.

అసలు కిటుకు ఇది. పది రోజులు వరసగా రాకపోతే మాకై మేమే మానేసినట్టు లెక్కట. మానేసినవాళ్ళకి కంపెనీ ఏమీ ఇవ్వక్కర్లేదట. అదే వాళ్ళు తీసేస్తే ఇన్నేళ్ళ పనికి తగ్గట్టు ఇవ్వాలి. అందుకని మమ్మల్ని తీసేయలేదు, బస్సుని తీసేశారు. మేమే ఒక్కొక్కరం రాలిపోతామని. అప్పుడే ముగ్గురు రావడం లేదు. నాలుగోదాన్ని నేనే అయ్యేలా ఉన్నాను. మీ బావ కొట్టు మూతపడిన దగ్గర్నుంచి ఇంట్లోకి వచ్చేది నా కూలే.

ఒక్క మాట అడుగుతాను, నీ కోతలు పక్కనపెట్టి జవాబు చెప్పు. నిజంగా పైన డబ్బు లేదా? లేకపోతే ఏడుస్తూ నడుస్తాను. ఉంటే మాత్రం నడవను.

అక్క


జూన్ 17

అక్కా,

నీ ఉత్తరం లిఫ్టులోనే చదివాను. చదువుతూ ఇద్దరు అధికారుల్ని ఐదో అంతస్తులో దింపాల్సింది పోయి ఏడులో దింపాను. వాళ్ళు గమనించలేదు. అక్కడే ఏదో గదిలోకి వెళ్ళి కూర్చున్నారు.

డబ్బు లేదా అని అడిగావు. నాకు లెక్కలు రావు, నేను చూసినవి చెబుతాను.

పోయిన నెల డైరెక్టర్లంతా పొదుపు గురించి మాట్లాడుకోవడానికి కంపెనీ విమానంలో ఏదో దీవికి వెళ్ళారు. ఇక్కడ రోడ్డు గోలకి పొదుపు మీద ధ్యాస కుదరడం లేదట. దిగాక ఒకాయన కళ్ళజోడు మరిచిపోయానన్నాడు. విమానం వెనక్కొచ్చి, కళ్ళజోడు ఎక్కించుకుని మళ్ళీ వెళ్ళింది. ఆ కళ్ళజోడు పెట్టెని తొమ్మిది నుంచి కిందికి దించింది నేనే. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు, విసుక్కోలేదు. నా సర్వీసులో అంత మర్యాదైన ప్రయాణికుణ్ణి చూడలేదు.

తొమ్మిదో అంతస్తులో పొద్దున ఒక రకం పూలు, మధ్యాహ్నం ఇంకో రకం. వాడకముందే దించేస్తారు. వాడిన పూలు చూస్తే అధికారులకి మార్కెట్టు గుర్తొచ్చి దిగులు పడతారట.

ఒక డైరెక్టరు గది గోడలకి చెక్క వేయించుకున్నాడు. రంగు నచ్చలేదని పీకించాడు. మళ్ళీ వేయించాడు. ఆ చప్పుడుకి పక్క గదాయనకి తలనొప్పి వస్తే, కంపెనీ ఖర్చు మీద కొండల్లోకి విశ్రాంతికి పంపారు. ఆయన లేనప్పుడే పని చక్కగా సాగుతోందని ఇప్పుడు ఆయన గదికీ చెక్క వేస్తున్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు. పెద్దాయన గొడుగు ఒక ఎత్తు.

పెద్దాయనంటే మన కంపెనీ అధిపతి, ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆయన గొడుగుకి వేరే కారుంది అక్కా. తడిసిన గొడుగు తన కారులో పెడితే తివాచీ తడిసి ముక్కిన వాసన వస్తుందని దానికి విడిగా ఒక కారు, విడిగా ఒక డ్రైవరు. ముందు పెద్దాయన కారు, వెనక గొడుగు కారు. డ్రైవరు దిగి గొడుగుకి తలుపు తీస్తాడు. వెనక సీట్లో పడుకోబెట్టి బెల్టు కడతారు. లిఫ్టులో కూడా ఆయనతో కలిసి ఎక్కదు, రెండో విడతలో వస్తుంది. నేను లేచి నిలబడాలి.

నువ్వు మాత్రం పని మానకు. పది రోజులు వరసగా అన్నారు కాబట్టి తొమ్మిదో రోజైనా ఎలాగోలా వెళ్ళిరా. మోకాలికి కాపడం పెట్టించుకో. బావకి ఆ మాత్రం చేతనవుతుంది, నీళ్ళు కాచడం ఆయనకి వచ్చు.

నీ తమ్ముడు


జూన్ 26

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం భోజనాల గదిలో అందరికీ చదివి వినిపించాను. విమానం దగ్గర ఎవరూ కదల్లేదు. పూల దగ్గర ఒకరిద్దరు పెదవి విరిచారు. చెక్క గోడల దగ్గర ఒకావిడ ఆవలించింది. గొడుగుకి కారుందని చదివేసరికి తినేవాళ్ళంతా తలలెత్తారు. గుడ్డ కోసే కత్తెరావిడ అన్నం ముద్ద గిన్నెలో పెట్టేసింది. మాకు విమానం ఎలా ఉంటుందో తెలియదురా. గొడుగు ఎలా ఉంటుందో మాకు తెలుసు. దాని ఒక్కో ముక్కా మేం కోసి, మేం కుట్టి, మేం ఊచలకి తగిలిస్తాం. అది కారెక్కి వెళ్తుంటే మేం నడిచి వెళ్ళి దాన్ని కుట్టాలా?

నేను రోజూ పనికి వెళ్తూనే ఉన్నాను. మీ బావ సైకిలు తీశాడు. వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తున్నాడు, ఎత్తు వచ్చినప్పుడల్లా దిగమంటాడు. ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంటే మాట రావడానికి చాలాసేపు పడుతోంది. ఆయన ఊపిరితిత్తులు ఎన్నాళ్ళు లాగుతాయో చూడాలి.

ఇక విను. పని అయ్యాక గేటు ముందు నిలబడదామని అనుకున్నాం. కుట్టు తప్పినవి ఆరు గొడుగులు తీసుకుని, సున్నంతో ఒక్కో దాని మీద ఒక్కో మాట రాశాం. గొడుగుకి. కారు. ఉంది. కుట్టేవాళ్ళకి. బస్సు. లేదు. ఆరుగురం వరసగా విప్పి పట్టుకోవాలి. నాకు 'లేదు' వచ్చింది.

మొదటి రోజు బాగానే నిలబడ్డాం. రెండో రోజు పత్రిక అబ్బాయి కెమెరా తీసుకుని వచ్చాడు. ఆ రోజే మా గుండీలావిడకీ కత్తెరావిడకీ ఒక స్టూలు విషయంలో మాటా మాటా వచ్చింది. గుండీలావిడది 'కుట్టేవాళ్ళకి', కత్తెరావిడది పక్కనే 'బస్సు'. దాని పక్కన నిలబడేది లేదని గుండీలావిడ విసురుగా పోయి మొదట్లో ఉన్నావిడని ఇటు పంపి తను అక్కడ నిలబడింది. నేను చివర్లో ఉన్నాను, నా గొడుగు నాకే అడ్డం, చూడలేదు.

పత్రికలో ఫోటో పడింది. వరసగా చదివితే ఇలా ఉంది: "కుట్టేవాళ్ళకి కారు ఉంది. గొడుగుకి బస్సు లేదు." కింద అచ్చులో, కంపెనీ ఇచ్చిన కారుకి కృతజ్ఞతగా కార్మికుల ప్రదర్శన, అని రాశారు.

మేం వెళ్ళి గొడవ చేస్తే మర్నాడు సవరణ వేశారు. ఇప్పుడు ఊరంతా రెండూ చదివింది. చాయ్ దుకాణం దగ్గర మమ్మల్ని చూసి గొడుగు ఎక్కడికి బయల్దేరింది అని అడుగుతున్నారు.

మేనేజరు పిలిచి ఎవరు చెప్పారీ కారు సంగతి అన్నాడు. నీ పేరు చెప్పలేదు. కానీ నాకు నువ్వు చెప్పాలి. అది నిజమే కదా? అవునా, కాదా?

మీ అక్క


జూలై 2

అక్కా, బావకి నా సానుభూతి. ఎత్తు వచ్చినప్పుడు నువ్వు తొక్కి ఆయన్ని వెనక కూర్చోబెట్టి చూడు.

మీ పత్రిక ఇక్కడికి వచ్చింది. ఒక కాగితం ముక్క ఇంత భవనాన్ని ఇలా కుదిపేస్తుందని నేననుకోలేదు. నాలుగు రోజులుగా నా లిఫ్టు ఖాళీగా లేదు. విన్నది విన్నట్టు రాస్తున్నాను, ఈసారి అల్లుకున్నది ఏమీ లేదు.

మొదట ఎక్కింది పెద్దాయన కార్యదర్శీ, బళ్ళ వ్యవహారం చూసే ఆఫీసరూ. కార్యదర్శి చేతిలో ఫోటో.

"కుట్టేవాళ్ళకి కారు ఎవడిచ్చాడయ్యా" అన్నాడు.

"నేనివ్వలేదండీ" అన్నాడు బళ్ళాఫీసరు.

"మరి గొడుగులకి బస్సెందుకు? లారీలో కదా పంపేది?"

"అదే నాకూ అంతుబట్టడం లేదండీ. ఎక్కువ మెత్తగా ఉంటుందనేమో."

రెండో రోజు సవరణ వచ్చింది. అప్పుడు సంగతి అర్థమై ఇద్దరి ముఖాలూ మారిపోయాయి. కొత్త అద్దంలో కూడా లావుగా కనబడ్డారు.

"గొడుగు కారు ఏది?" అన్నాడు కార్యదర్శి.

"కింద నేలమాళిగలో పెద్దాయన పేరు మీద పదకొండు కార్లున్నాయండీ. వాటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది."

"ఏదో?"

"ఒకటి ఆయనది. ఒకటి అది చెడిపోతే ఎక్కడానికి. ఒకటి ఆయన పత్రికలు తెస్తుంది. మిగతావి నేను చేరకముందు నుంచీ ఉన్నాయి. రోజూ కడుగుతారు. ఎందుకున్నాయని ఇంతవరకూ ఎవరూ అడగలేదు."

"పెద్దాయన్ని అడుగు."

"మీరడగండి."

అక్కడ పడింది పీటముడి. నీ గొడుగుకి కారుందా అని పెద్దాయన్ని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఉంటే, ఇన్నాళ్ళూ తెలియనందుకు వీళ్ళ ఉద్యోగం పోతుంది. లేకపోతే, నీకది కూడా లేదా అని ఎత్తి చూపినట్టవుతుంది. ఇద్దరూ నా లిఫ్టులో కిందికీ పైకీ తిరుగుతున్నారు. ఇద్దరికీ దిగాలని లేదు.

చివరికి పెద్దాయనే నిన్న ఎక్కాడు. పక్కన కార్యదర్శి. ఏడో అంతస్తు దాటాక పెద్దాయన అద్దంలో చూసుకుంటూ అడిగాడు.

"నా గొడుగుకి కారుందా?"

"కనుక్కుని చెప్తానండీ" అన్నాడు కార్యదర్శి.

పెద్దాయన అద్దంలోనే టై సరిచేసుకున్నాడు.

"ఉంటే, మంచిదేనా?"

తొమ్మిది వచ్చింది. తలుపు తీశాను.

అక్కా, ఇక్కడ ఆ కారు లేదని అనగలిగిన మగాడు ఒక్కడు కూడా లేడు. దీన్ని నువ్వెలా అర్థం చేసుకుంటే అలా చేసుకో.

తమ్ముడు


జూలై 10

అవునా కాదా అని ఒక్క ముక్క అడిగితే నాలుగు పేజీలు రాశావు.

మీ బావకి దగ్గు పట్టుకుంది, సైకిలు ఆగిపోయింది. నిన్న నడిచే వెళ్ళాను. దారిలో రెండు చోట్ల కూర్చున్నాను. వెళ్ళేసరికి మేనేజరు మా ఆరుగురినీ పిలిచాడు. ప్రధాన కార్యాలయం నుంచి కబురు వస్తుందట. గొడుగు కారు ఉందని తేలితే బస్సు గురించి ఆలోచిస్తారట. లేదని తేలితే కంపెనీ పరువు తీసినందుకు మా ఆరుగురినీ పంపేస్తారట, చేతిలో ఏమీ పెట్టకుండా. గుండీలావిడకి ఇంట్లో ముసలి అత్తగారు, ఇద్దరు పిల్లలు. ఆవిడ నా వైపు చూసింది.

నువ్వెందుకు తప్పించుకుంటున్నావో నాకు తెలుసు. నీ పేరు బయటికి వస్తే నీ ఉద్యోగం పోతుందని భయపడుతున్నావు. రాదు. ఎవరు చెప్పారంటే చాయ్ దుకాణంలో విన్నానన్నాను, ఎవరో తెలియదన్నాను. ఒట్టు వేశాను కూడా. నీ మీద ఈగ వాలనివ్వను.

ఉందా, లేదా. ఒక్క మాట రాయి.

అక్క


జూలై 18

ఉంది.

ఒక్క మాట అడిగావు కాబట్టి ముందు అది రాశాను. ఇక మిగతాది. నిజం చెప్పాలంటే, నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైనా జవాబు రాయలేకపోయాను. కలం తీయడం, మూత పెట్టడం. నా మీద ఈగ వాలనివ్వనని రాశావే, ఆ ముక్క దగ్గర ఆగిపోయాను. ఇవాళ రాయగలుగుతున్నాను, ఎందుకంటే ఇవాళ పొద్దున నా కళ్ళతో చూశాను.

జరిగింది ఇది. పదకొండు కార్లూ వరసగా నిలబెట్టి వెతికారు. ఏది గొడుగుదో తేలలేదు. ఈలోగా అమ్మకాల డైరెక్టరుకి ఒక ఊహ వచ్చింది. లిఫ్టు ఎక్కుతూనే మొదలుపెట్టాడు కాబట్టి దాదాపు మొత్తం విన్నాను.

"ఇది మనకి కలిసొచ్చిన అవకాశం. ఈ కష్టకాలంలో పెద్దాయన తన గొడుగు కారుని వదులుకున్నాడని ఫోటోలు వేయిద్దాం. ఇంతకంటే పొదుపు ఇంకేముంటుంది" అన్నాడు.

"కారు దొరకలేదండీ" అన్నాడు బళ్ళాఫీసరు.

"ఉన్న పదకొండులో ఒకటి ఇవ్వండి."

"ఏ ఒక్కటీ తీయడానికి వీల్లేదండీ. దేనికి ఏం పనుందో తెలియనప్పుడు తీస్తే ఏ పని ఆగిపోతుందో."

"అయితే కొత్తది కొనండి."

కొన్నారు అక్కా. వదులుకోవడానికి కారు ఉండాలి కదా, అందుకని కొన్నారు. మామూలుది కొంటే పెద్దాయన గొడుగుని తక్కువ చేసినట్టుంటుందని మంచిదే కొన్నారు. వెనక సీట్లో గొడుగు పడుకోవడానికి వెల్వెట్టు అంటించిన పీఠం ఒకటి చేయించి సీటుకి బిగించారు. తలగడ కూడా ఉంది.

ఇవాళ పొద్దున నేలమాళిగలో వేడుక. పెద్దాయన తాళం చెవి ఎత్తి పట్టుకుని, "అందరూ త్యాగం చేస్తున్న ఈ రోజుల్లో నా గొడుగు వెనకబడి ఉండకూడదు" అని చదివాడు. చదివి రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. చప్పట్లు కొట్టడానికి నన్ను కూడా దించారు. కొట్టాను.

ఆ కారుని ఏం చేయాలన్నప్పుడు కార్యదర్శి మీ మొదటి ఫోటో బయటికి తీశాడు. కుట్టేవాళ్ళకి కారు ఉంది అని ఎలాగూ అచ్చులో పడింది, దాన్నే నిజం చేసేస్తే సరిపోతుందన్నాడు. కాబట్టి కారు మీకే వస్తోంది. గుండీలావిడకి చెప్పు, ఆమె నిలబడ్డదే సరైన చోటని తొమ్మిదో అంతస్తు తేల్చింది.

మీ ఆరుగురి ఉద్యోగాలకీ ఢోకా లేదు. కారు ఉన్నట్టు పెద్దాయనే సంతకం పెట్టాడు.

నీ తమ్ముడు


ఆగస్టు 1

చిరంజీవి తమ్ముడికి,

కారు వచ్చింది. తెల్ల చేతి తొడుగులు వేసుకున్న డ్రైవరు కూడా వచ్చాడు. మలుపు దగ్గర ఆగి, దిగి, తలుపు తీసి వంగి నిలబడ్డాడు. మేం నలభైమందిమి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

వెనక సీట్లో నువ్వు రాసిన పీఠం ఉంది. దాన్ని తీసేయవయ్యా, ఇంకొకరు కూర్చుంటారు అన్నాం. తీయడానికి తనకి ఉత్తర్వు లేదన్నాడు. మరి దాని మీద కూర్చుంటామంటే, అది గొడుగు జాగా అన్నాడు. అందుకని వెనక ఒకరు, ముందు ఒకరు. ఎంత అణిగినా ముగ్గురు. ముగ్గుర్ని దింపి మళ్ళీ వచ్చి ముగ్గుర్ని తీసుకెళ్తాడు. చివరి ముగ్గురు వచ్చేసరికి మొదటి ముగ్గురికి భోజనాల వేళ అవుతోంది. సాయంత్రం మళ్ళీ అదే తిరుగుడు. లోపల మాత్రం చల్లగా, సుఖంగా ఉంది. కత్తెరావిడ ఒకరోజు దిగనంది.

వారం రోజుల్లో మేనేజరుకి పిచ్చెక్కింది. గొడుగులు సగమే తయారయ్యాయి. కారు తాగే పెట్రోలు మా బస్సు తాగిన దానికంటే ఎక్కువట. పైకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. మొన్న గోడకి కొత్త కాగితం పడింది: పొదుపు దృష్ట్యా కారు రద్దు చేసి బస్సు పునరుద్ధరించడమైనది. ఈసారి గుండె బొమ్మ లేదు.

సోమవారం బస్సు వచ్చింది. అదే బస్సు, అదే చిరిగిన సీటు. ఎక్కి కూర్చున్నాక మోకాలి మీద చెయ్యి వేసుకుని ఊరికే ఏడ్చాను. గుండీలావిడ తన కొంగు ఇచ్చింది. రావడం మానేసిన ముగ్గురిలో ఇద్దరు కొత్తవాళ్ళ లెక్కన మళ్ళీ చేరారు. ఒకావిడ కుటుంబంతో ఊరు వదిలి వెళ్ళిపోయింది, ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఆమె సీటులో ఇంకా ఎవరూ కూర్చోవడం లేదు.

మీ బావకి దగ్గు తగ్గింది. సైకిలు అమ్మేస్తానంటున్నాడు.

నీతో ఒక పని పడింది. ఆ గొడుగు లేకపోతే మాకు బస్సు లేదు కదా. అందుకని షెడ్డులో అందరం కలిసి దానికి ఒక కొత్త గుడ్డ కుట్టి పంపాలనుకున్నాం. వెక్కిరింపుకనుకో, కృతజ్ఞతకనుకో, రెండూ కలిసే ఉన్నాయి. మంచి గుడ్డ పక్కన పెట్టాం, కొసలు నేనే కుడతాను. అయితే కొలత కావాలి. ఎనిమిది ఊచలా, పదా? పిడి వంకరదా, తిన్ననిదా? ఇప్పుడున్న రంగేమిటి? నీ లిఫ్టులోనే రోజూ ఎక్కుతుంది కదా, ఈసారి ఎక్కినప్పుడు కాస్త చూసి రాయి. ఎవరూ లేనప్పుడు విప్పి చూడు, ఏమీ అనుకోదు.

దీవెనలతో,
మీ అక్క


ఆగస్టు 7

అక్కా,

బస్సు వచ్చినందుకు సంతోషం. ఇక్కడ పొదుపు ఇంకా సాగుతోంది. లిఫ్టు దిగేటప్పుడు లైటు ఆర్పేయమన్నారు. ఎక్కేటప్పుడు వెలగొచ్చట. గొడుగు కారు తిరిగి వచ్చి నేలమాళిగలో పన్నెండోదిగా నిలబడింది. రోజూ కడుగుతున్నారు. ఎందుకుందని ఎవరూ అడగడం లేదు.

కొలతలు అడిగావు. ఈ ఉత్తరం షెడ్డులో చదవకు. బావకి చదివినా ఫరవాలేదు, ఆయన ఎవరికీ చెప్పడు, సగంలోనే నిద్రపోతాడు.

నేను రాసినవాటిలో విమానం నిజం. కళ్ళజోడు నిజం, పూలు నిజం, చెక్క గోడలు నిజం. వాటికి నేను ఒక్క ముక్క కలపలేదు, కలపాల్సిన అవసరం రాలేదు. కారు మొదట్లో లేదు గానీ ఇప్పుడుంది, నువ్వే ఎక్కావు, కాబట్టి దాన్ని అబద్ధాల్లో వేయడానికి నేను ఒప్పుకోను.

నువ్వు ఏడుస్తూ నడుస్తానని రాసిన రోజు నీకు ఏం రాయాలో నాకు తోచలేదు అక్కా. నీకు బస్సు పంపలేను. మోకాలు మార్చలేను. నాకు చేతనైంది ఒక్కటే, నవ్వించడం. గొడుగులు కుట్టేదానివి కాబట్టి గొడుగు మీద ఏదో ఒకటి రాస్తే నవ్వుతావనుకున్నాను. నువ్వు దాన్ని తీసుకెళ్ళి గేటు ముందు విప్పుతావని అనుకోలేదు.

పెద్దాయన ఇంటి వసారాలో కారెక్కుతాడు, నేలమాళిగలో దిగుతాడు, నా లిఫ్టులో తొమ్మిదికి వెళ్తాడు. అక్కడ్నుంచి మళ్ళీ అదే దారి. విమానం దగ్గరికి కూడా కారు లోపలిదాకా వెళ్తుంది. ఇన్నేళ్ళలో ఆయన మీద ఒక్క వాన చుక్క పడగా ఎవరూ చూడలేదు. మీరు పక్కన పెట్టిన గుడ్డని ఇంకో దేనికైనా వాడుకోండి. ఆ గొడుగుకి రంగు లేదు, ఊచలు లేవు, పిడి లేదు. ఆయనకి అసలు గొడుగే లేదు అక్కా. అది మొత్తం నేనే పుట్టించాను.

నీ తమ్ముడు